గోరంత చూపుతో గోడంత బొమ్మ: బినోద్ బిహారీ ముఖర్జీ

కోల్‌కతాలో ఉంటున్న మన పిల్లలకు బెహాలా తెలిసే ఉంటుంది. జోకా మెట్రో ఎక్కితే బెహాలా చౌరస్తా, బెహాలా బజార్ అని రెండు స్టేషన్లు వస్తాయి. డైమండ్ హార్బర్ రోడ్డు మీద బస్సులు, ఆటోలు, జనం. ఈ బెహాలాలోనే 1904 ఫిబ్రవరి 7న ఒక పిల్లవాడు పుట్టాడు. పుట్టుకతోనే అతనికి ఒక కన్ను పనిచేయదు. రెండో కంటికి హ్రస్వదృష్టి, అదీ చాలా ఎక్కువ. ముఖానికి దగ్గరగా తెచ్చుకుంటే తప్ప ఏదీ స్పష్టంగా కనిపించదు.

ఆ పిల్లవాడి పేరు బినోద్ బిహారీ ముఖర్జీ. మన తెలుగులో అయితే వినోద్ విహారి అని రాస్తాం. బెంగాలీలు మనం ‘వ’ అనే చోట ‘బ’ అంటారని ఈ ఊరు వచ్చిన మొదటి వారంలోనే మీకు తెలిసిపోయి ఉంటుంది. మన వెంకటేశులందరూ ఇక్కడ బెంకటేశులే కదా! ఈ బినోద్ బిహారీ పెద్దవాడై మన దేశపు గొప్ప చిత్రకారుల్లో ఒకడయ్యాడు. చూపుతో చేసే పనుల్లోకెల్లా చూపు ఎక్కువ కావలసిన పనిని, చూపు తక్కువైన మనిషి ఎంచుకున్నాడు. సగం జీవితం దాటాక ఆ ఉన్న కాస్త చూపు కూడా పోయింది. అయినా బొమ్మలు ఆగలేదు. ఎలా ఆగలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

పుట్టుకతో ఒక కన్ను పనిచేయకపోవడం అంటే ఏమిటో కొంచెం తెలిస్తేనే ఆయన చేసిన పని విలువ తెలుస్తుంది. కాబట్టి ముందుగా కంటి లోపలికి ఒకసారి వెళ్ళొద్దాం. పదో తరగతి వాళ్ళకు ఇందులో కొంత పాఠమే. చిన్న తరగతుల వాళ్ళు భయపడకుండా వెంట రండి.

కంటి వెనుక గోడకు లోపలివైపు అంటుకుని ఉండే పలుచని పొర రెటీనా. తెలుగులో నేత్రపటలం అంటారు. దాని మందం మిల్లీమీటరులో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అంత పలుచని దానిలో మళ్ళీ పొరలు పొరలుగా కణాలు. వెలుగును పట్టుకునే దండకణాలు సుమారు 12 కోట్లు, రంగులను పట్టే శంకుకణాలు సుమారు 60 లక్షలు. ఇవి పట్టిన కబురు లోపలి పొరల్లో చేతులు మారుతూ వచ్చి, చివరకు పది పన్నెండు లక్షల సన్నని పోగుల్లోకి చేరుతుంది. ఆ పోగులన్నీ ఒక్కచోట గుమిగూడి, కట్టగా కట్టుకుని, కంటి గోడను దాటి మెదడు వైపు బయలుదేరతాయి. ఆ కట్టే దృక్ నాడి. అది కంటిని దాటే చోటు ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న బిళ్ళ. అక్కడ వెలుగును పట్టే కణం ఒక్కటీ ఉండదు. అదే అంధచుక్క.

నమ్మకం లేకపోతే ఇప్పుడే చూడండి. తెల్లకాగితం మీద ఎడమవైపు ఒక కూడిక గుర్తు, దానికి 8 సెంటీమీటర్ల కుడివైపున ఒక నల్లచుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ జరపండి. 30 సెంటీమీటర్ల దూరం దగ్గర చుక్క మాయమవుతుంది. ఆ చుక్క మీ దృక్ నాడి బయలుదేరే బిళ్ళ మీద పడిందన్నమాట.

ఇక లోపాల సంగతి. తల్లి కడుపులో బిడ్డకు ఐదు వారాలు నిండేసరికి కన్ను ఒక చిన్న దొప్పలా తయారవుతుంది. ఆ దొప్ప అడుగున ఒక చీలిక ఉంటుంది. ఏడో వారం దాటేలోపు అది సంచి కుట్టు పడినట్టు మూసుకుపోవాలి. పూర్తిగా మూసుకోకపోతే ఆ మేరకు రెటీనా, దాని కింది పొరలు, ఒక్కోసారి నాడి బిళ్ళ కూడా లోటుతోనే తయారవుతాయి. కొందరికి నాడిలో పోగులే తక్కువగా ఏర్పడతాయి. అప్పుడు బిళ్ళ చిన్నదిగా ఉంటుంది. రెటీనాలో దండకణాలు, శంకుకణాలు చాలావరకు సరిగానే ఉన్నా, కబురు మోసే లోపలి పొర పలచబడి ఉంటుంది. చెరువు నిండుగా ఉండి కాలువ సన్నగా ఉన్నట్టు.

ఇంకో రకం లోపం ఉంది. నాడి బిళ్ళలో ఒక చిన్న గుంట. సుమారు 11,000 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. 1882లో వీథే అనే వైద్యుడు దీన్ని మొదట వర్ణించాడు. గుంట ఉన్నంతమాత్రాన ఏమీ కాదు, చాలాకాలం చూపు బాగానే ఉంటుంది. చాలామందిలో యౌవనంలోనో నడివయసులోనో చిక్కు మొదలవుతుంది. ఆ గుంట దారిన నీటిలాంటి ద్రవం రెటీనా పొరల మధ్యకు ఊరుతుంది. వానలో తడిసిన అట్టముక్క పొరలు పొరలుగా విడిపోవడం చూశారు కదా, రెటీనా కూడా అలాగే విడిపోతుంది. తర్వాత వెలుగును పట్టే కణాల పొర, తనకు ఆహారం అందించే కింది పొర నుంచి లేచిపోతుంది. అదీ చూపుకు కేంద్రమైన పచ్చచుక్క దగ్గరే. నిట్టనిలువు తలుపు వంకరగా కనిపిస్తుంది. నెలలు, ఏళ్ళు అలాగే ఉంటే ఆకలికి మాడినట్టు ఆ కణాలు పలచబడి నశిస్తాయి, కింది పొరలో రంగు మచ్చలు మచ్చలుగా చెదిరిపోతుంది. నాడి దగ్గరి చిన్న లోపం రెటీనా మొత్తానికి ఎలా కీడు చేస్తుందో చూడండి. మరొక లోపంలో నాడి మొదలు గరాటులా లోతుగా పోయి, రక్తనాళాలు చుట్టూ కిరణాల్లా విచ్చుకుంటాయి. మన చెరువు గట్ల మీద పూసే తూటిపువ్వు జాతి పువ్వు పేరే దానికి పెట్టారు, 1970లో.

హ్రస్వదృష్టి మరీ ఎక్కువైనప్పుడు జరిగేది వేరు. మామూలు కనుగుడ్డు ముందునుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అది ఇంకా పొడవుగా సాగితే లోపలి రెటీనా కూడా దానితో సాగి పలచబడుతుంది. బుడగను ఎక్కువ ఊదితే రబ్బరు పలచబడినట్టే. నాడి బిళ్ళ పక్కన పొర లాగుకుపోయి నెలవంకలా తెల్లని చోటు తేలుతుంది. అలాంటి కంటికి శుక్లాలు తొందరగా వస్తాయి, రెటీనా ఊడే భయం కూడా ఎక్కువ.

బినోద్ బాబు పనిచేయని కంటికి వీటిలో ఫలానా పేరు పెట్టడం మా పని కాదు. పుట్టుకతో చూపు తగ్గడానికి దారులు ఇన్ని ఉన్నాయని, వాటిలో చాలావాటికి కళ్ళద్దాలు మందు కావని తెలిస్తే చాలు. అద్దం వెలుగును సరైన చోట పడేయగలదు. లేని పోగును మొలిపించలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేం. ఒక కన్ను సరిగా లేని పిల్లలకు ఆ సంగతి వాళ్ళకే తెలియదు. రెండో కన్ను మొత్తం పని చేసిపెడుతుంది. పుట్టినప్పటి నుంచీ అలాగే చూస్తున్నవాళ్ళకు లోకం అంతే అనిపిస్తుంది. మేము పనిచేసిన ఊళ్ళన్నిటిలోనూ ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు కనబడ్డారు. మీ నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయినప్పుడల్లా కొత్త బడి, కొత్త బెంచీ, కొత్త టీచరు. పాత బడి టీచరుకు తెలిసిన సంగతి బదిలీ సర్టిఫికెట్‌లో రాసి రాదు. అందుకని మీరే ఒక పని చేయండి. ఒక్కో కన్నూ అరచేత్తో మూసి, రెండో కంటితో నల్లబల్ల చదివి చూడండి. తేడా ఉంటే ఇంట్లో చెప్పండి. చిన్న వయసులో పట్టుకుంటే సరయ్యే లోపాలు కూడా చాలానే ఉన్నాయి.

ఇప్పుడు బెహాలా అబ్బాయి దగ్గరకు వద్దాం.

ఇంట్లో అన్నలు బాగా చదువుకున్నవాళ్ళు. అన్నల్లో ఒకరైన బనబిహారీ వైద్యుడు, రచయిత, వ్యంగ్యచిత్రాలు కూడా వేసేవాడు. పుస్తకాలకూ బొమ్మలకూ కొదవలేని ఇల్లు. కాని ఈ తమ్ముడికి బడి చదువు సరిగా సాగలేదు. బల్ల మీద రాసింది కనిపించని పిల్లవాణ్ణి ఏం చేయాలో ఆనాటి బడులకు తెలియదు. 1917లో, పదమూడేళ్ళ వయసులో అతన్ని శాంతినికేతన్ పంపారు. హౌరా నుంచి బోల్‌పూర్‌కు సుమారు 150 కిలోమీటర్ల రైలు దారి. అక్కడ రవీంద్రనాథ్ ఠాగూర్ నడిపే ఆశ్రమ పాఠశాలలో తరగతులు చెట్ల కింద జరిగేవి. 1919లో అక్కడే కళాభవన్ మొదలైంది. దాని మొట్టమొదటి విద్యార్థుల్లో బినోద్ బిహారీ ఒకడు.

కళాభవన్‌లో గురువు నందలాల్ బోస్. ఆయన గొప్ప చిత్రకారుడు. మన రాజ్యాంగం చేతిరాత ప్రతిని బొమ్మలతో అలంకరించింది ఆయనా, ఆయన శిష్యులే. ఆయనకు ఈ కుర్రవాణ్ణి చూస్తే బెంగ పట్టుకుంది. ఇంత తక్కువ చూపుతో చిత్రకళ నేర్చుకుని రేపు ఏం తింటాడు? ఉన్న చూపు కూడా పోతే? ఆ బెంగ తీసుకుని రవీంద్రుడి దగ్గరకు వెళ్ళారు. రవీంద్రుడు కంటి సంగతి అడగలేదు. అబ్బాయి శ్రద్ధగా పని చేస్తున్నాడా, దానిలో అతనికి ఇష్టం ఉందా అని మాత్రం అడిగారు. ఉందని తెలిశాక, అతన్ని అతని దారిన వదిలేయమని, రేపటి గురించి ఇప్పుడే బెంగ పడవద్దని చెప్పి పంపేశారు. నందలాల్ ఆ మాట మన్నించారు.

మాకు ఈ సంఘటన చదివినప్పుడల్లా నందలాల్ మీద కోపం రాదు. నిజం చెప్పాలంటే ఆయన అడిగింది ఒక మంచి టీచరు అడగవలసిన ప్రశ్నే. ఏ తండ్రీ తల్లీ అయినా అదే అడుగుతారు. రవీంద్రుడి జవాబు మాత్రం మామూలు మనుషులకు తట్టేది కాదు. ఆ రోజు ఆయన ఇంకోలా చెప్పి ఉంటే ఈ కథ బోల్‌పూర్ స్టేషన్‌లో తిరుగు రైలు ఎక్కి బెహాలాలో ఆగిపోయేది.

బినోద్ బిహారీ ఆ రైలు ఎక్కలేదు. చదువు ముగించి 1925లో అక్కడే ఉపాధ్యాయుడయ్యారు. కళాభవన్ గ్రంథాలయం బాధ్యత కూడా చూశారు. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదవగలిగిన వస్తువు పుస్తకం. కాబట్టి విపరీతంగా చదివారు. మన తెలుగువాళ్ళు రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతన్‌లో చదువుకున్నవారే. గోపాలరెడ్డి గారు 1920లలో అక్కడ ఉన్నారు. ఆ చెట్ల కింద వాళ్ళకు బినోద్ బాబు ఎదురుపడే ఉంటారని ఊహించుకోవడం మాకొక సరదా.

ఆయన వేసినవి దేవతల బొమ్మలు, రాజుల బొమ్మలు కావు. శాంతినికేతన్ చుట్టూ బీర్భూమ్ జిల్లా నేల ఎర్రగా, వానలకు కోసుకుపోయి గాళ్ళు గాళ్ళుగా ఉంటుంది. ఖొయాయ్ అంటారు. అక్కడో తాడిచెట్టు, ఇక్కడో తాడిచెట్టు. మన అనంతపురం వైపు చూసినవాళ్ళకు కొంచెం అలవాటైన దృశ్యమే. ఆ నేల, ఆ చెట్లు, దారిన పోయే సంతాల్ మనుషులు, ఇవే ఆయన బొమ్మలు. ఆయన తోటివాడు, స్నేహితుడు రామ్‌కింకర్ బైజ్ అదే నేల మీద పెద్ద పెద్ద శిల్పాలు చేశాడు. 1930ల చివర బినోద్ బాబు జపాన్ వెళ్ళి అక్కడి పాత చిత్రకారుల పని చూసి వచ్చారు. ఎంత తక్కువ గీతలో ఎంత ఎక్కువ చెప్పవచ్చో ఆ చిత్రాల్లో ఉంది. గీతలు లెక్కపెట్టుకుని వాడవలసిన మనిషికి అది ఎంత పనికొచ్చే చదువో వేరే చెప్పాలా?

1940లో కళాభవన్ హాస్టల్ పైకప్పు మీద ఆయన ఒక బొమ్మ వేశారు. నడిమధ్యన ఒక చెరువు. దాని చుట్టూ చెట్లు, గుడిసెలు, మనుషులు, పశువులు, పల్లెలోని పనులన్నీ. పైకప్పు కాబట్టి దానికి పైనా కిందా లేదు. ఏ మంచం మీద పడుకున్న కుర్రవాడు ఆ వైపు నుంచి చూసుకోవచ్చు. ఆ ఏడాదే కోల్‌కతా నుంచి కళాభవన్‌లో చేరిన ఒక పొడుగాటి కుర్రవాడు ఆ పైకప్పును తలెత్తి చూసి ఆశ్చర్యపోయాడు. అతని పేరు సత్యజిత్ రాయ్. ఈ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఆయన పనుల్లోకెల్లా పెద్దది 1946-47లో శాంతినికేతన్ హిందీ భవన్ గోడల మీద వేసిన చిత్రం. మూడు గోడల పైభాగాన, మొత్తం దాదాపు 80 అడుగుల పొడవు. మధ్యయుగపు భక్తులు, సాధువులు అందులోని మనుషులు. రామానుజులు ఉన్నారు, నేతపని చేసే కబీరు ఉన్నారు, తులసీదాసు, సూరదాసు, గురు గోవింద్ సింగ్ ఉన్నారు. వాళ్ళ చుట్టూ పేరులేని మామూలు జనం, ఇళ్ళు, నదీ ఘట్టాలు. ఒకరి నుంచి ఇంకొకరికి గీత తెగకుండా, ఏరు పారినట్టు బొమ్మ పారుతూ పోతుంది.

ఇది ఎంత కష్టమో తెలియాలంటే పద్ధతి తెలియాలి. దీన్ని ఫ్రెస్కో అంటారు. సున్నం, ఇసుక కలిపిన పూత గోడకు పూసి, అది తడిగా ఉన్నప్పుడే రంగు వేయాలి. ఆరుతున్నకొద్దీ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టుకుని సున్నపురాయిగా మారుతుంది. మీ రసాయనశాస్త్రంలో ఉన్న సమీకరణమే. రంగు ఆ రాయిలో బందీ అయిపోతుంది, అందుకే వందల ఏళ్ళు ఉంటుంది. కాని తడి ఆరేలోపు పని అయిపోవాలి. ఏ రోజు ఎంత వేయగలరో అంత మేరకే ఆ రోజు పూత. తప్పు పడితే తుడిచి దిద్దడానికి లేదు, ఆ ముక్క చెక్కి మళ్ళీ పూయాలి. అందుకే చాలామంది ముందే గోడంత కాగితం మీద బొమ్మ గీసుకుని, దాన్ని గోడకు ఆనించి గుర్తులు దింపుకుంటారు.

బినోద్ బాబు అలా చేయలేదు. చిన్న చిన్న చిత్తు బొమ్మలు దగ్గర పెట్టుకుని, నేరుగా తడి గోడ మీద గీశారు. మామూలు చిత్రకారుడు గీసిన తర్వాత పదడుగులు వెనక్కి వేసి మొత్తం ఎలా ఉందో చూసుకుంటాడు. చూపు తక్కువైన మనిషికి ఆ వీలు తక్కువ. పైగా ఒక్క కన్నుతో లోతు అంచనా కష్టం. దారపు కొసను సూదిలో ఎక్కించడం ఒక కన్ను మూసుకుని ప్రయత్నిస్తే మీకే తెలుస్తుంది. మరి 80 అడుగుల బొమ్మ మొత్తం ఎక్కడ చూసుకున్నారు? తలలోనే. గోడ మీద కనిపించేది చేతి దగ్గరి ముక్క. మిగిలినదంతా జ్ఞాపకం. పదేళ్ళ తర్వాత జరగబోయేదానికి ఆయనకు తెలియకుండానే అక్కడ సాధన జరిగిందని మాకు అనిపిస్తుంది.

ఈ పనిలో విద్యార్థులు సాయం చేశారు. వారిలో కె.జి. సుబ్రమణ్యన్ తర్వాత తానే పెద్ద చిత్రకారుడయ్యాడు. బినోద్ బాబు 1944లో పెళ్ళి చేసుకున్న లీల కూడా చెయ్యి వేశారు. ఆమె కూడా కళాభవన్ విద్యార్థినే, శిల్పి. ఇంకో సంగతి కూడా ఇక్కడ గుర్తుచేయాలి. 1946 ఆగస్టులో ఇదే కోల్‌కతా వీధుల్లో మతకలహాలు రేగి వేలమంది చనిపోయారు. ఆ ఏడాదీ, దేశం రెండుగా చీలిన మరుసటి ఏడాదీ, ఇక్కడికి 150 కిలోమీటర్ల దూరంలో ఒక గోడ మీద నేతగాడు కబీరూ, ఆచార్యుడు రామానుజులూ, సిక్కుల గురువూ ఒకే బొమ్మలో పక్కపక్కన నిలబడుతున్నారు.

తర్వాతి భాగం మీకు అలవాటైన కథే. బినోద్ బాబు శాంతినికేతన్ వదిలి, కాట్మాండులో నేపాల్ ప్రభుత్వ మ్యూజియం చూసుకోవడానికి వెళ్ళారు. అక్కడి నుంచి రాజస్థాన్‌లోని బనస్థలి. అక్కడి నుంచి ముస్సోరీ. అక్కడి నుంచి పాట్నా. పదేళ్ళు తిరక్కుండానే నాలుగు ఊళ్ళు. ట్రంకుపెట్టెలు సర్దడం, కొత్త ఊరి నీళ్ళు అలవాటు చేసుకోవడం, ఏ సందు ఎటు పోతుందో నేర్చుకోవడం మనకు తెలియనివి కావు. చూపు సరిగా లేని మనిషికి మాత్రం ప్రతి కొత్త ఇంట్లో ఎన్ని మెట్లున్నాయో, గడప ఎంత ఎత్తో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసిందే.

ఇంతలో ఉన్న ఒక్క కంటికీ శుక్లం పట్టింది. 1956-57లో ఢిల్లీలో ఆపరేషన్ జరిగింది. ఇప్పటి శుక్లం ఆపరేషన్ మీ తాతగారో అమ్మమ్మగారో చేయించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చే ఉంటారు. ఆ రోజుల్లో అలా కాదు. పెద్ద కోత కోసి, కంటి కటకం మొత్తాన్ని తీసేసేవారు. దాని స్థానంలో కొత్త లెన్సు పెట్టే అలవాటు ఇంకా మన దేశానికి రాలేదు. పుట్టుకతోనే బలహీనమైన కన్ను మరింత ప్రమాదంలో ఉంటుంది. ఆపరేషన్ ఫలించలేదు. బినోద్ బాబుకు చూపు పూర్తిగా పోయింది. అప్పటికి యాభై దాటి రెండు మూడేళ్ళు.

నందలాల్ ముప్పై ఏడేళ్ళ క్రితం భయపడింది సరిగ్గా ఇదే. ఈ పరిస్థితిలో మనిషి కుంగిపోతే ఎవరూ తప్పు పట్టరు. ఆయనకూ కష్టమైన రోజులే అవి. చీకటిలో గది ఎంత పెద్దదో, కప్పు ఎక్కడ పెట్టారో, ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో అన్నీ కొత్తగా తెలుసుకోవాలి. కాని ఆయన 1958లో శాంతినికేతన్ తిరిగి వచ్చారు. కళాభవన్‌లో కళాచరిత్ర చెప్పడం మొదలుపెట్టారు. దశాబ్దాల పాటు దగ్గర పెట్టుకుని చదివిన పుస్తకాలు, చూసిన బొమ్మలు తలలో భద్రంగా ఉన్నాయి. ఏ చిత్రం గురించి చెప్పాలన్నా కళ్ళు అవసరం లేదు, పాఠం నడిచేది.

మరి బొమ్మలు? కాగితాన్ని మడిచారు. మడత వేలికి తెలుస్తుంది. మడత ఒక గీత. ఇంకో మడత ఇంకో గీత. రెండు కలిసే చోట మోచేయి, మెడ, కూర్చున్న మనిషి మోకాలు. అలా మడిచిన ఆకారాలను కత్తిరించి అంటించి మనుషులను చేశారు. ఫ్రాన్సు చిత్రకారుడు మతీస్ కూడా ముసలితనంలో కాగితాలు కత్తిరించి బొమ్మలు చేశాడు, కాని ఆయనకు రంగు కనిపించేది. బినోద్ బాబుకు కనిపించేది లేదు, వేలికి తగిలేదే ఉంది. మైనంతో, మట్టితో అరచేతిలో పట్టే చిన్న బొమ్మలు చేశారు. పెన్ను పట్టుకుని రేఖాచిత్రాలూ గీశారు. ఒక చెయ్యి గీస్తుంటే ఇంకో చెయ్యి కాగితం మీద హద్దు చూపిస్తుంది. ఆ గీతలు చూసినవాళ్ళకు చూపులేని మనిషి గీశాడంటే నమ్మకం కలగదు. మాకు మాత్రం నమ్మడం కష్టం అనిపించలేదు. ఆయన గీత మొదటినుంచీ సగం జ్ఞాపకంతోనే నడిచింది కదా.

1972లో కళాభవన్ గోడ మీద మళ్ళీ ఒక పెద్ద బొమ్మ చేశారు. ఈసారి తడి గోడ కాదు, కాల్చిన మట్టి పలకలు. మడిచిన కాగితాల్లో ఆయన వేళ్ళు కనుక్కున్న మనుషులే పలకలుగా మారి గోడెక్కారు. పూర్తిగా చూపు లేని మనిషి గోడంత బొమ్మ చేయడం ఎక్కడైనా అరుదే.

ఆ పని జరుగుతుండగా పైకప్పు బొమ్మ చూసి ఆశ్చర్యపోయిన పాత శిష్యుడు కెమెరా పట్టుకుని వచ్చాడు. అప్పటికి సత్యజిత్ రాయ్ ప్రపంచమంతా తెలిసిన దర్శకుడు. గురువు మీద ఆయన తీసిన చిత్రం పేరు ఇన్నర్ ఐ, లోపలి కన్ను అని. ఇరవై నిమిషాలే ఉంటుంది. వ్యాఖ్యానం రాయ్ గొంతే. సితార్ నిఖిల్ బెనర్జీది. పలకలు అమర్చడం, కాగితం మడవడం, గదిలో తడుముకోకుండా నడవడం, అన్నీ అందులో చూడవచ్చు. జాలి పుట్టించే ప్రయత్నం ఒక్కచోట కూడా లేదు. బినోద్ బాబు టీ తాగుతూ, పని చేసుకుంటూ, పాఠం చెప్పే మాష్టారిలాగే కనిపిస్తారు.

పేరు ప్రతిష్ఠలు ఆలస్యంగానే వచ్చాయి. 1974లో పద్మవిభూషణ్ ఇచ్చారు. విశ్వభారతి తన పెద్ద గౌరవమైన దేశికోత్తమ ఇచ్చింది. చూపు పోయాక ఆయన చెప్పి రాయించిన బెంగాలీ పుస్తకాల్లో చిత్రకర్ అనే స్వీయకథకు రవీంద్ర పురస్కారం దక్కింది. చిత్రకారుడికి సాహిత్య బహుమతి రావడం విశేషమే, అదీ చదువు సాగదని బడి నుంచి ఇంటికి వచ్చేసిన పిల్లవాడికి. ఆ పుస్తకాన్ని తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చింది, హిందీ భవన్ గోడ దగ్గర ఆయనకు సాయం చేసిన సుబ్రమణ్యనే. బినోద్ బిహారీ ముఖర్జీ 1980లో కన్నుమూశారు.

వారి కూతురు మృణాళిని ముఖర్జీ కూడా శిల్పి అయింది. ఆమె రాతిని చెక్కలేదు. జనపనార తాళ్ళకు రంగులద్ది, చేత్తో ముడి తర్వాత ముడి వేస్తూ మనిషంత ఎత్తు బొమ్మలు చేసింది. ఏ ముడి ఎంత బిగువో వేళ్ళకే తెలియాలి. 2015లో ఆమె కూడా వెళ్ళిపోయింది. మడత తెలిసిన తండ్రి, ముడి తెలిసిన కూతురు. శాంతినికేతన్ వెళ్ళే పిల్లలు కళాభవన్, హిందీ భవన్ గోడల దగ్గర కొంచెంసేపు ఆగండి. హిందీ భవన్ బొమ్మ చాలా ఎత్తున ఉంటుంది, మెడ నొప్పి పుడుతుంది. ఆ గోడ మీద గుడ్డివాడని ప్రసిద్ధికెక్కిన సూరదాసు ఎక్కడ ఉన్నాడో వెతికి చూడండి.